మౌనంగా ఉండాల్సిన చిన్న కేంద్రకం నుంచి ఆర్‌ఎన్‌ఏ ఎట్లా వస్తుంది?

అనంతపురం, జువాలజీ:
టెట్రాహైమెనా థెర్మోఫిలా అనే ఏకకణ జీవిలో తర్వాతి తరానికి అందే డీఎన్‌ఏ చిన్న కేంద్రకంలో ఉంటుంది, రోజూ పనిచేసే జన్యువులు పెద్ద కేంద్రకంలో. చిన్నదాంట్లో ట్రాన్స్‌క్రిప్షన్ (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవడం) జరగదని చదువుకున్నదే. మరి ఎం ఐఈఎస్ అనే డీఎన్‌ఏ ముక్కకు ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, పెంచి చూసే పరీక్ష) చేస్తే జతకట్టించిన 3 గంటలకు బ్యాండ్ వస్తోంది. ఆకలికి ఉంచిన కణాల్లోనూ సన్నగా కనిపిస్తోంది. ఆ ముక్క పెద్ద కేంద్రకంలో ఉండనే ఉండదు కదా. డీఎన్‌ఏ కలిసిందా?

కర్నూలు, మాలిక్యులర్ ల్యాబ్:
ఆ రెండు బ్యాండ్లనూ ఒకే గాట కట్టొద్దు సార్. ఆకలి కణాల్లోది చాలావరకు డీఎన్‌ఏనే. ఆర్‌టీ ఎంజైమ్ వేయని ట్యూబు ఒకటి పక్కన నడిపితే తేలిపోతుంది, అందులోనూ బ్యాండ్ వస్తే డీఎన్‌ఏస్ (డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్) మళ్ళీ వేయాల్సిందే. వేసినాక ముందు మెగ్నీషియాన్ని పట్టేసే ఈడీటీఏ కలపండి, ఆ తర్వాతే 65 డిగ్రీల్లో 10 నిమిషాలు పెట్టండి. మెగ్నీషియం ఉండగా వేడి చేస్తే ఆర్‌ఎన్‌ఏ తెగిపోతుంది. ఈ తప్పు చాలా ల్యాబుల్లో జరుగుతోంది.

3 గంటలది మాత్రం నిజమే కావచ్చు. మౌనం పెరుగుదల దశకే. జతకట్టినప్పుడు చిన్న కేంద్రకం కొడవలిలా సాగి, డీఎన్‌ఏ రెండు పోగుల నుంచీ ఆర్‌ఎన్‌ఏ తీస్తుంది. దాన్ని డీసీఎల్1 అనే ఎంజైమ్ 28–29 న్యూక్లియోటైడ్ల ముక్కలుగా కోస్తుంది, ట్వీ1 అనే ప్రొటీన్ వాటిని పాత పెద్ద కేంద్రకంలోకి తీసుకుపోతుంది. అక్కడి డీఎన్‌ఏతో సరిపోయినవి పక్కకు పోతాయి. మిగిలినవి కొత్త పెద్ద కేంద్రకంలో ఏది కోసి పారేయాలో గుర్తు పెడతాయి. పారేయాల్సిన దాన్ని ముందు చదవడం, ఎంత అందమైన ఏర్పాటు!

కడప, బయోటెక్:
పాలీ-ఏ తోకకు అతుక్కునే ఆలిగో డీటీ ప్రైమర్ వద్దు, ఈ ఆర్‌ఎన్‌ఏలకు పాలీ-ఏ తోక ఉంటుందని నమ్మలేం. ఒక్కో పోగుకు విడివిడి ప్రైమర్‌తో సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసే డీఎన్‌ఏ నకలు) చేయండి, రెండు దిక్కులా వస్తే అనుమానం తగ్గుతుంది. ఏ-టీ ఎక్కువున్న డీఎన్‌ఏ కాబట్టి పీసీఆర్‌లో ఎక్స్‌టెన్షన్ 72 కాక 60–65 డిగ్రీల్లో పెట్టి చూడండి.

అనంతపురం, జువాలజీ:
ఒక్కోసారి 3 గంటలకు జతలే సరిగా ఉండవు. ఎందుకు?

కర్నూలు, మాలిక్యులర్ ల్యాబ్:
రెండు స్ట్రెయిన్లు వేర్వేరు మేటింగ్ టైపులేనా చూడండి, ఉన్నవి 7, ఒకే టైపువి జతకట్టవు. 10 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్‌లో, పీహెచ్ 7.4 దగ్గర, రాత్రంతా ఆకలికి ఉంచి, మిల్లీలీటరుకు 2 లక్షల కణాలు చేసి సమంగా కలపండి. కలిపాక ఊపొద్దు, ఊపితే జతలు విడిపోతాయి. 30 డిగ్రీల ఇంక్యుబేటర్ తప్పనిసరి. మన ఏప్రిల్ ఎండల్లో బల్లమీద వదిలేస్తే జత సంగతి మరిచిపోవాల్సిందే.