గుణదల కొండ మీద మరియమాత దర్శనమిచ్చిందా? లూర్దుకూ మనకూ సంబంధం ఏమిటి?

సందేహి (ప్రశ్న)

నేను విజయవాడలో పుట్టి పెరిగినవాణ్ణి, క్రైస్తవుణ్ణి కాను. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్ళకు వచ్చే జనాన్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను గానీ, సరిగ్గా ఆ తేదీలే ఎందుకన్న ఆలోచన నాకు ఈ మధ్యనే వచ్చింది. అడిగితే ఒకరు మరియమాత ఆ కొండ మీదనే కనిపించిందన్నారు, మరొకరు అది ఫ్రాన్సులో లూర్దు అనే ఊళ్ళో జరిగిన సంగతి అన్నారు. అసలు లూర్దులో ఏం జరిగింది? దాన్ని నమ్మి తీరాలని కతోలిక శ్రీసభ నియమం పెట్టిందా? ఎక్కడో కొండప్రాంతపు ఊళ్ళో ఒక బాలిక చెప్పిన మాట ఇంతకాలం, ఇంతదూరం ఎలా నిలిచింది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జపమాల

సందేహి గారూ, మీకు రెండో సమాధానం చెప్పినవారిదే నిజం. గుణదలలో దర్శనం జరిగిందని శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు. అక్కడ పూజలందుకుంటున్నది లూర్దుమాత స్వరూపం. ఫిబ్రవరి 11 లూర్దులో తొలి దర్శనం జరిగిన రోజు.

1858లో ఆ రోజున బెర్నదెత్త సుబిరూ అనే పద్నాలుగేళ్ళ బాలిక తన చెల్లెలితోనూ ఒక స్నేహితురాలితోనూ కలిసి పుల్లలు ఏరుకోవడానికి గావ్ నది ఒడ్డునున్న మసబియెల్ గుహ దగ్గరికి వెళ్ళింది. తండ్రి ఒకప్పుడు పిండిమర నడిపినవాడే గానీ, అప్పటికి చితికిపోయి, కుటుంబమంతా పాడుబడిన పాత జైలుగదిలో తలదాచుకుంటోంది. ఆ పిల్లకు ఉబ్బసం, చదవడం రాయడం రావు, తొలి సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) కూడా ఇంకా స్వీకరించలేదు. తెల్లని దుస్తులు, నీలిరంగు నడికట్టు, పాదాల మీద పసుపుపచ్చ గులాబీలు, చేతిలో జపమాలతో ఒక చిన్న అమ్మాయి గుహలో కనిపించిందని ఆమె చెప్పింది. మరియమాత అని మాత్రం అనలేదు. తమ ప్రాంతపు మాటలో ‘అకెరో’ అంది, అంటే ‘అది’ అని అర్థం. పెద్దలు పేరు పెట్టాలని ఎంత తొందరపడినా, వారాల తరబడి ఆమె ఆ ‘అది’ని వదల్లేదు. ఆమె సాక్ష్యంలో నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది ఈ జాగ్రత్తే.

జూలై 16 వరకు మొత్తం 18 దర్శనాలు జరిగాయి. మూడోసారి, ఫిబ్రవరి 18న, ఆ కన్య మొదటిసారి మాట్లాడింది: పదిహేను రోజులు ఇక్కడికి వచ్చే దయ చూపగలరా అని అడిగింది. మూలంలో ఆ మాట బహువచనంలో ఉంది. తెలుగువాళ్ళకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. ఊళ్ళో ఎవరూ ‘నువ్వు’ అనడమే తప్ప మన్నించి ఎరగని నిరుపేద పిల్లను పట్టుకుని ‘మీరు’ అన్నారన్నమాట. లూర్దు గురించి రాసే చాలామంది నీటిబుగ్గ దగ్గర మొదలుపెడతారు గానీ, నా దృష్టిలో అసలు కథ ఈ ‘మీరు’ దగ్గరే మొదలవుతుంది.

ఫిబ్రవరి 25న ఆ కన్య చెప్పినచోట బెర్నదెత్త మట్టి తవ్వి, బురదనీళ్ళు తాగి, అక్కడి ఆకు నమిలింది. ముఖమంతా బురదతో ఉన్న ఆ పిల్లను చూసి పిచ్చెక్కిందనుకున్నారు. ఆ చోటే తర్వాత ఊటగా మారింది. గురువులకు చెప్పి ఇక్కడ గుడి కట్టించమన్న సందేశాన్ని తీసుకువెళ్ళినప్పుడు, విచారణ (పారిష్) గురువైన పెరమాల్, ముందుగా ఆ కన్య పేరేమిటో అడిగి రమ్మన్నారు. మార్చి 25న, అంటే మంగళవార్త పండుగనాడు (యేసుకు తల్లివి కాబోతున్నావని దేవదూత మరియమ్మకు చెప్పినదాన్ని స్మరించే రోజు), జవాబు వచ్చింది: ‘నేను అమలోద్భవాన్ని’. మరచిపోతానేమోనని ఆ పిల్ల దారిపొడుగునా ఆ మాటను వల్లిస్తూ గురువు ఇంటికి వెళ్ళింది, ఎందుకంటే దాని అర్థం ఆమెకు తెలియదు. మరియమ్మ తన తల్లి గర్భంలో పడిన క్షణం నుంచే జన్మపాప రహితురాలన్న విశ్వాస సత్యాన్ని తొమ్మిదో పయస్ పోపు 1854 డిసెంబరు 8న ప్రకటించారు. (ఇది యేసు కన్యక గర్భాన జన్మించడం గురించి కాదు, క్రైస్తవులు కూడా తరచు పొరబడుతుంటారు.) మనం తెలుగులో ‘అమలోద్భవి’ అని మరియమ్మకు బిరుదులా వాడుకుంటాం గనుక వ్యాకరణం సాఫీగా ఉంటుంది, లూర్దులో వినిపించిన మాట అలా లేదు. ‘నిర్మలంగా ఉద్భవించినదాన్ని’ అనవలసినచోట ‘ఆ ఉద్భవాన్నే నేను’ అన్నట్టుగా ఉంది. చదువుకున్నవారు కల్పించి నేర్పితే ఇలాంటి వాక్యం నేర్పరు గదా అని పెరమాల్ గురువు తడబడ్డారు.

తెల్లకోటు

నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి కాబట్టి, జపమాల గారు ఇంకా చెప్పని స్వస్థతల సంగతి నేను అందుకుంటాను. మొదట నీళ్ళ గురించి చెప్పాలి. 1858లోనే ఊటనీటిని పరీక్షకు పంపారు; ఖనిజజలమని తేలితే ఊరికి స్నానఘట్టాల వ్యాపారం వస్తుందన్న ఆశ మేయరుకు ఉండేది. టూలూజ్‌కు చెందిన ఫిలోల్ అనే ఆచార్యుడు మాత్రం అది మామూలు తాగునీరేనని తేల్చాడు. శ్రీసభ కూడా ఆ నీటిలో మందుగుణం ఉందని అనదు.

1883లో అక్కడ ఒక వైద్య కార్యాలయాన్ని నెలకొల్పారు. ఏ మతానికి చెందిన వైద్యుడైనా, అసలు మతమే లేనివాడైనా, ఆ పరిశీలనలో పాల్గొనవచ్చు. జబ్బు తీవ్రమైనదై, సరిగా నిర్ధారణ అయినదై ఉండాలి. నయం కావడం ఉన్నట్టుండి, పూర్తిగా జరిగి, ఏళ్ళ తరబడి నిలవాలి. చేసిన చికిత్స వల్ల తగ్గిందని చెప్పడానికి వీలుండకూడదు. వైద్యులు చెప్పేది ‘ప్రస్తుత వైద్యజ్ఞానంతో దీన్ని వివరించలేం’ అన్నంతవరకే. అద్భుతమని ప్రకటించే అధికారం స్వస్థత పొందినవారి మేత్రాణులది (బిషపుది). ఇప్పటిదాకా 7,000 పైచిలుకు కేసులు నమోదైతే, అద్భుతాలుగా ఆమోదం పొందినవి డెబ్బైకి కాస్త పైన మాత్రమే. తర్వాతి కాలంలో, 1912లో, నోబెల్ బహుమతి అందుకున్న అలెక్సిస్ కారెల్ 1902లో యాత్రికుల రైలులో వైద్యుడుగా వెళ్ళి, చావు అంచున ఉన్న మరీ బైయి అనే యువతి తన కళ్ళెదుటే కోలుకోవడం చూశాడు. ఆ కేసు కూడా ఆమోదిత జాబితాకు ఎక్కలేదు.

అంటే జబ్బు తగ్గుతుందన్న లెక్క చూసుకుని వెళ్ళేవారికి లూర్దు లాభసాటి చోటేమీ కాదు. అయినా రోగులు వెళ్తూనే ఉన్నారు. 1866లో రైలు ఆ ఊరికి చేరాక, మంచంపట్టినవారిని దేశం నలుమూలల నుంచి రైళ్ళలో తీసుకురావడం ఆనవాయితీ అయింది. వాళ్ళను మోసి, కడిగి, తినిపించే స్వచ్ఛంద సేవకుల సంఘం 1885లో ఏర్పడింది. అక్కడ ఊరేగింపులో చక్రాల కుర్చీలది ముందువరుస. మామూలుగా ఇంటి వెనకగదిలో ఉండిపోయే మనిషిని అందరికంటే ముందు కూర్చోబెట్టే ఆచారం ఆ ఒక్క ఊరితో ఆగలేదు: రెండో జాన్ పాల్ పోపు ఫిబ్రవరి 11నే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నిర్ణయించగా, 1993 నుంచి ఏటా దాన్ని పాటిస్తున్నారు. నా మట్టుకు నాకు డెబ్బై అద్భుతాల కంటే ఇదే పెద్ద ఫలితం.

కొండమెట్లు

గుణదల విషయం నేను చెబుతాను. 1924లో అక్కడి సెయింట్ జోసఫ్ అనాథాశ్రమాన్ని నిర్వహిస్తున్న ఆర్లాటి గురువు, కొండ మీద లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఆయన ఇటలీ నుంచి వచ్చిన మిషనరీ. అంతే, కొండ మీద ఎవరికీ ఏ దర్శనమూ కాలేదు. ఆనాడు ఐరోపా మిషనరీలు ఎక్కడికి వెళ్ళినా లూర్దుమాతను వెంట తీసుకువెళ్ళేవారు. రాతిగుహ, తెల్లని స్వరూపం, నీలిరంగు నడికట్టు ఉంటే చాలు, చదువురానివాళ్ళు కూడా గుర్తుపడతారు. కొండలున్న చోట ఆ గుహ అచ్చం అక్కడిదే అన్నట్టు అమరిపోతుంది.

అయితే దాన్ని తెలుగు తిరునాళ్ళుగా మలచినది భక్తులే. తలనీలాలు ఇవ్వడం, కొబ్బరికాయ కొట్టడం, మొక్కు తీర్చుకోవడానికి పిల్లాపాపలతో వచ్చి కొండ దిగువన రాత్రంతా ఉండిపోవడం లూర్దులో కనిపించవు. వచ్చినవారిలో హిందువులూ చాలామంది ఉంటారు. వారెవరినీ ఇక్కడ వింతగా చూడరు. స్వరూపానికి మాత్రం లూర్దు ఆనవాలు పోలేదు. వేళాంగణిలో మరియమాతకు చీర కట్టారు. గుణదలలో ఆ తెలుపూ నీలమూ అలాగే ఉండిపోయాయి.

పేర్ల సంగతి కూడా చూడండి. మన కతోలిక కుటుంబాల్లో లూర్దమ్మ, లూర్దు మేరీ, లూర్దురాజు, లూర్దయ్య వంటి పేర్లు కొల్లలు. పిరనీ పర్వతాల పాదాన ఉన్న ఒక చిన్న ఊరిపేరు కృష్ణా, గుంటూరు జిల్లాల రేషన్ కార్డులకు ఎక్కిందంటే, ‘ఇంతదూరం ఎలా నిలిచింది’ అన్న మీ ప్రశ్నకు అదీ ఒక జవాబే.

సందేహి

అందరికీ కృతజ్ఞతలు. నమ్మి తీరాలా అన్న నా ప్రశ్నకు మాత్రం ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. నమ్మనక్కరలేకపోతే, పండుగ ఎందుకు పెట్టారు?

జపమాల

మీరన్నది నిజమే, దాటవేశాను. నమ్మి తీరాలన్న నియమం లేదు. క్రీస్తుతోనూ అపోస్తలులతోనూ దైవప్రకటన పూర్తయిందనీ, తర్వాతి దర్శనాలు దానికి కొత్తగా చేర్చేదేమీ లేదనీ శ్రీసభ బోధిస్తుంది. లూర్దు తన పరిధిలో ఉన్న తార్బ్ మేత్రాణులైన లొరాన్స్ నియమించిన సంఘం విచారించాక, 1862 జనవరి 18న ఆయన ఇచ్చిన తీర్పు సారాంశం ఏమిటంటే, బెర్నదెత్త చూసినది మరియమాతనేనని విశ్వాసులు నమ్మడానికి తగిన ఆధారం ఉంది. అది అనుమతే గాని ఆజ్ఞ కాదు. 1907లో పదో పయస్ పోపు ఈ పండుగను శ్రీసభ అంతటికీ విస్తరింపజేశారు. అయినా ఆ రోజు పూజలో ఆరాధన పొందేది దేవుడే గనుక, దర్శనంపై సందేహమున్న కతోలికుడు కూడా నిశ్చింతగా పాల్గొనవచ్చు. బెర్నదెత్త కూడా తనకు అప్పగించిన పని చెప్పడమే గాని నమ్మించడం కాదని అనేదని చెబుతారు.

కొండమెట్లు గారు స్వరూపం మాట ఎత్తారు గనుక ఒక్కటి చేరుస్తాను. మనం చూసే లూర్దుమాత స్వరూపాలన్నిటికీ మాతృక, ఫాబిష్ అనే శిల్పి చెక్కగా 1864లో మసబియెల్ గుహలో నిలిపిన పాలరాతి విగ్రహం. ప్రతిష్ఠ రోజున బెర్నదెత్త జబ్బుతో ఉండి వెళ్ళలేకపోయింది. విగ్రహాన్ని చూసినప్పుడు మాత్రం బాగుంది గానీ ఆమె కాదందట. శిల్పి యౌవనవతి అయిన స్త్రీని చెక్కాడు. ఆ పిల్ల చూశానన్నది తన ఎత్తే ఉన్న చిన్న అమ్మాయిని. 1866లో ఆమె నెవేర్ కన్యకామఠంలో చేరి, మళ్ళీ లూర్దుకు రాకుండానే 1879లో 35వ ఏట మరణించింది. 1933లో ఆమెను పునీతురాలిగా (సెయింట్‌గా) ప్రకటించారు. ఆ విగ్రహం ఇప్పటికీ ఆ గుహలోనే ఉంది.