గుణింతం గడగడా అప్పజెబుతుంది, పదం మాత్రం చదవలేదు

రెండో తరగతి టీచర్:
పాపకి ఏడేళ్లు. ‘క’ గుణింతం తడుముకోకుండా చెబుతుంది. విడిగా ‘కె’ చూపిస్తే మాత్రం మళ్లీ ‘క’ నుంచి చదువుకుంటూ రావాల్సిందే. ‘పాలు’ను ‘పలు’ అనీ, ‘భక్తి’ని ‘భకిత’ అనీ చదువుతోంది. మాటల్లో మహా చురుకు. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) అనుకోవాలా?

స్పీచ్ థెరపిస్ట్:
టీచర్ గారూ, ముందు వినికిడి పరీక్ష చేయించండి. చెవిపొర వెనక నీరు చేరినా శబ్దాల తేడా సరిగ్గా అందదు. ఆ తర్వాత పుస్తకం మూసి, నోటితోనే చూడండి. ‘కమలం’కి ఎన్ని చప్పట్లు? ‘చిలక’లో ‘చి’ తీసేస్తే ఏం మిగిలింది? ‘పాలు’లో ‘ఆ’ బదులు ‘ఊ’ పెడితే? (‘పూలు’ రావాలి. ‘ఏ’ పెడితే ‘పేలు’.) మన లిపిలో హల్లూ అచ్చూ ఒకే అక్షరంలో కలిసిపోతాయి కాబట్టి మూడోది పిల్లలకు ఆలస్యంగానే వస్తుంది, దానికి కంగారుపడక్కర్లేదు. మొదటి రెండూ రాకపోతే మాత్రం పట్టించుకోవాలి. ఇప్పుడే పేరు పెట్టేయకండి.

వాచకాల పని చేసేవారు:
‘భకిత’ అన్న తప్పులోనే విషయమంతా ఉంది. గుడి ‘క’ మీద ఉంది, ‘త’ కింద వత్తుగా ఉంది. కంటికి కనబడిన వరుసలో చదివేసింది. పలుకులో ఆ ‘ఇ’ వత్తు తర్వాత వస్తుంది: క్, త్, ఇ. భ, క్, తి అని మూడు చీటీలు రాసి, పక్కపక్కన పెట్టి పలికించాక కలిపి రాసింది చూపించండి. ముందు అక్క, అమ్మ, తర్వాత మల్లె, కన్ను, సంయుక్తాలు ఆఖరున.
గుణింతం అడ్డంగా చదివించడం కొన్నాళ్లు ఆపండి. కా, మా, పా, లా అని ఒకే గుర్తును వేర్వేరు హల్లులకు పెట్టి, కార్డులు కలిపేసి అడగండి. హ్రస్వానికి ఒక చింతగింజ, దీర్ఘానికి రెండు పెట్టిస్తే ‘పలు’, ‘పాలు’ తేడా చేతికే తెలుస్తుంది.

రెండో తరగతి టీచర్:
రోజూ నోటి ఆటలు ఆడిస్తే సరిపోతుందాండీ? ఇంగ్లిష్ కూడా బట్టీయే.

స్పీచ్ థెరపిస్ట్:
సరిపోదండీ. అక్షరాలు ఎదురుగా పెట్టి ధ్వనుల పని చేయిస్తే ఫలితం ఎక్కువని 2000లో అమెరికాలో చదవడం నేర్పే పద్ధతులను పరిశీలించిన నిపుణుల బృందం, నేషనల్ రీడింగ్ ప్యానెల్ కూడా చెప్పింది. రోజుకి పది నిమిషాలు, ఒకసారికి ఒకటే నైపుణ్యం. ఇంగ్లిష్‌లో ‘బ్’ని ‘బ’ అని నేర్పితే ‘బ–యా–ట’ ఎంత కలిపినా ‘బ్యాట్’ రాదు, పొట్టిగా పలికించండి. ఇలా కొన్ని నెలలు చేయించినా కదలిక లేకపోతే క్లినికల్ సైకాలజిస్ట్‌కి చూపించమనండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా ఇందులోకే వస్తుంది) కూడా ఉంది.