కంభంలో పాత మిద్దె ఇల్లు కొనవచ్చా, కొంతకాలం అద్దెకు ఉండి చూడటం మేలా?

ప్రశ్న (నల్లమల అల్లుడు):

సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను, వచ్చే ఏడాది పదవీ విరమణ చేయబోతున్నాను. మా ఆవిడ పుట్టినిల్లు కంభం. మిగిలిన జీవితం అక్కడ గడపాలని ఇద్దరికీ ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల మా అమ్మ కూడా మాతోనే ఉంటారు. ఆమెకు మధుమేహం, గుండెకు స్టెంటు ఉన్నాయి.

పాత ఊరిలో నాలుగు సెంట్ల స్థలంలో ఒక మిద్దె ఇల్లు అమ్మకానికి వచ్చింది. రాతి గోడలు, టేకు దూలాలు, కడప బండల నేల, వెనుక వేపచెట్టు, చేదబావి ఉన్నాయి. 32 లక్షలు అడుగుతున్నారు. ఆ ఇల్లు కట్టించిన పెద్దాయన వీలునామా రాయకుండానే ఏడేళ్ల క్రితం చనిపోయారు. ఆయన భార్య అంతకు ముందే పోయారు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. స్థలం ఆయన సొంతంగా కొన్నదే. ఒక కూతురు అమెరికాలో స్థిరపడ్డారు. స్థలం గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) కిందకి వస్తుందని, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉంటే చాలునని, అక్కచెల్లెళ్లకు పెళ్లిలోనే పసుపుకుంకుమల కింద ఇవ్వవలసింది ఇచ్చేశామని పెద్ద కొడుకు అంటున్నారు. మేము తొందరపడుతున్నామా, లేక అనవసరంగా జంకుతున్నామా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. ఇలాంటి చిన్న ఊళ్లలో ఇల్లు కొన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (దస్తావేజు లేఖరి):

నమస్కారమండీ. నేను చాలా ఏళ్లుగా దస్తావేజులు రాసే పనిలో ఉన్నాను. మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది ఒక్క మాటే, పసుపుకుంకుమల కింద ఇచ్చేశామన్న మాట. పెళ్లిలో ఎంత బంగారం పెట్టినా, ఎంత పొలం రాసిచ్చినా, దానితో తండ్రి ఆస్తిలో కూతురి వాటా రద్దు కాదు. ఆడపిల్లలకు హక్కు 2005 సవరణతోనే వచ్చిందని మన ఊళ్లలో చాలామంది అనుకుంటారు. ఆ సవరణ, అంతకు ముందు మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు చేసిన సవరణ, రెండూ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితానికి సంబంధించినవి. తండ్రి స్వార్జితమైతే, ఆయన వీలునామా లేకుండా పోయినప్పుడు కొడుకులతో సమానంగా కూతుళ్లూ వారసులేనని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. కాబట్టి మీరు చెప్పిన ఇంట్లో ఐదు వాటాలున్నాయి, ఐదు సంతకాలూ కావాలి.

అన్నదమ్ములు ముగ్గురే సంతకం చేసి రిజిస్ట్రేషన్ ముగించినా, మీకు దక్కేది వారి మూడు వాటాలే. మిగిలిన రెండు వాటాల కోసం రేపు ఎవరైనా కోర్టుకు వెళితే, మీరు వేయించిన కొత్త గచ్చు, కట్టించిన వంటగది అన్నీ వివాదంలో చిక్కుకుంటాయి. ఆ అక్కచెల్లెళ్లు మంచివారే కావచ్చు, అయితే వారి తరువాత వారి పిల్లలు కూడా అలాగే ఉంటారని ఎవరూ హామీ ఇవ్వలేరు. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తెప్పించమని ముందు అడగండి. ఆపై ఐదుగురినీ విక్రయదారులుగా చూపుతూ దస్తావేజు రాయించుకోండి. అమెరికాలో ఉన్న ఆవిడ రాలేకపోతే అక్కడి భారత కాన్సులేటులో గానీ నోటరీ ఎదుట గానీ సంతకం చేసి పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది భారతదేశానికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు సుంకం చెల్లించి ముద్ర వేయించుకోవాలి. ఆదాయపు పన్ను లెక్కలో ఆవిడ ప్రవాసి అయితే, ఆవిడ వాటా సొమ్ము నుంచి పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టవలసిన బాధ్యత కొనేవారైన మీదే. ఇల్లు 50 లక్షల లోపే కదా అన్న మినహాయింపు ఆవిడ విషయంలో వర్తించదు. ఒక ఆడిటరును తప్పక సంప్రదించండి.

ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఆ ఇంట్లో ఎవరుంటున్నారో చెబుతాయే తప్ప ఇల్లు ఎవరిదో చెప్పవు. గ్రామకంఠం స్థలాలకు విడిగా సర్వే నంబరు ఉండకపోవడం మామూలే, అందుకే పెద్దాయన కొన్నప్పటి దస్తావేజులో రాసిన నాలుగు హద్దులూ ఈనాటి హద్దులతో సరిపోతున్నాయా అన్నది ముఖ్యం. ఇరుగుపొరుగువారిని దగ్గర ఉంచుకుని కొలతలు వేయించండి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, ఆన్‌లైనులో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందు కాలానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. ఈసీలో వీలునామాలు, రిజిస్టరు కాని పంపకాల కాగితాలు, కోర్టు దావాలు కనిపించకపోవచ్చునని మరువకండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షను కింద ఉండే నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ స్థలం లేదని కూడా నిర్ధారించుకోండి. ఖర్చు సంగతికి వస్తే ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం. 32 లక్షలకు అది 2 లక్షల 40 వేలు అవుతుంది.

జవాబు 2 (మార్కాపురం కోడలు):

అన్నయ్యగారూ, కాగితాల సంగతి పెద్దలు చెప్పారు కాబట్టి నేను నీటి గురించి, అమ్మగారి గురించి రాస్తాను. మేము పూణే నుంచి మార్కాపురం దగ్గరికి వచ్చి స్థిరపడ్డాము. ఈ ప్రాంతంలో ఇంటి విలువ మే నెలలో తెలుస్తుంది. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించినందుకు మాకందరికీ గర్వమే. అయితే ఆ చెరువు నిండిన ఏడాదికీ, అడుగంటిన ఏడాదికీ చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం ఒకలా ఉండదు. మీరు చూసిన చేదబావిలో దసరా నాటికి కనిపించిన నీళ్లు ఉగాది దాటాక ఉంటాయో లేదో పక్కింటి ఆడవాళ్లను అడగండి. అమ్మేవారి కంటే వారు నిజం చెబుతారు, ఎందుకంటే ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడేది వారే.

ఈ ప్రాంతంలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మిగిలినది ఇంకా చిక్కబడుతుంది. బావి నీటిని ఒక శుభ్రమైన సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. వెలిగొండ సొరంగాల గుండా కృష్ణా నీళ్లు వస్తాయన్న ఆశ మాకూ ఉంది, కానీ ఆ ఆశకు ధర కట్టి ఇల్లు కొనవద్దని నా మనవి.

ఇక అమ్మగారి మాట. స్టెంటు ఉన్న మనిషికి అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే మార్కాపురంలో ప్రథమ చికిత్స అందుతుంది, ఆ పైన ఒంగోలుకు వెళ్లాలంటే వంద కిలోమీటర్లకు పైనే, నంద్యాల వెళ్లాలంటే నల్లమల ఘాటు దాటాలి. మా మామగారిని ఒక రాత్రి అలా కారులో పడుకోబెట్టి తీసుకువెళ్లినప్పుడు, నా చేతిలో ఆయన చెయ్యి చల్లబడుతూ ఉంటే దారి ఎంతకీ తరగలేదు. ఆయన బతికారు. అందుకే మీకు నిష్ఠూరమైనా చెబుతున్నాను, అమ్మగారు ఉన్నంతకాలం హైదరాబాదు ఇంటిని పూర్తిగా వదులుకోకండి. ముందు అద్దెకు దిగి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఉండి చూడండి. ఇలాంటి ఊళ్లలో అద్దెలు తక్కువ, ఇల్లు కొంటే మళ్లీ అమ్ముకోవడం మాత్రం అంత సులువు కాదు.

జవాబు 3 (సైటు ఇంజనీరు):

మిద్దె గురించి నాలుగు మాటలు. పాత మిద్దెల్లో దూలాల మీద దంతెలు (సన్నని అడ్డకర్రలు) పరిచి, వాటి పైన బండలో కట్టెలో వేసి, ఆపైన వాన దిగకుండా చౌడు మట్టి పోసేవారు. ఏటేటా వానలకు ముందు ఆ మట్టిని సరిచేస్తూ ఉండాలి. ఇల్లు కొన్నేళ్లుగా ఖాళీగా ఉంటే ఆ పని జరిగి ఉండదు. మీరు చూడవలసింది దూలం మధ్య భాగం కాదు, అది గోడలోకి దూరే చివరలు. తేమ పట్టేదీ, చెదలు చేరేదీ అక్కడే. ఒక స్క్రూడ్రైవరు మొనతో ఆ చోట గట్టిగా పొడిచి చూడండి. చేవ ఉన్న టేకైతే మొన దిగదు, గోరంత లోతుకు దిగి పొడి రాలితే ఆ దూలం మార్చవలసిందే. కంటికి నిగనిగలాడే రంగు వేసి ఉంటే మరింత అనుమానించండి.

పైన మరో అంతస్తు వేసుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి, మట్టిసున్నం కలిపి కట్టిన రాతి గోడలకు అది పెద్ద భారం. బ్యాంకు రుణం తీసుకోవాలనుకుంటే, మంజూరైన ప్లాను లేని పాత ఇంటికి అప్పు పుట్టడం కష్టమని ముందే తెలుసుకోండి. గోడలూ దూలాలూ బాగుంటే మాత్రం ఎండల్లో అంత చల్లగా ఉండే ఇల్లు ఈ రోజుల్లో ఎంత పోసినా కట్టలేము. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

ప్రశ్న అడిగినవారు (నల్లమల అల్లుడు):

అందరికీ కృతజ్ఞతలు. చిన్న కూతురితో మా ఆవిడ ఫోనులో మాట్లాడింది. తనకు వాటా వద్దని, అయినా ఇల్లు అమ్ముతున్న సంగతే తనకు ఎవరూ చెప్పలేదని ఆవిడ బాధపడ్డారు. పెద్ద కొడుకేమో వేరే బేరం వచ్చిందని, పది రోజుల్లో ఐదు లక్షలు బయానా ఇవ్వకపోతే ఇల్లు దక్కదని అంటున్నారు.

జవాబు (దస్తావేజు లేఖరి):

సొంత చెల్లెలికి చెప్పకుండా అమ్మబోతున్న ఇంటికి ఐదు లక్షలు బయానా ఇవ్వకండి. వాటా వద్దన్న మాట ఫోనులో చెబితే చట్టం ముందు నిలవదు. ఆవిడ రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు రాసివ్వాలి, లేదా అమ్మకంలో తానూ సంతకం చేయాలి. ఐదుగురి అంగీకారం కాగితం మీదకి వచ్చాక, హద్దులు కొలిచాక, నీటి పరీక్ష ఫలితం చేతికి అందాక, అప్పటికీ ఇల్లు నచ్చితే చిన్న మొత్తం బయానాగా చెక్కు రూపంలో ఇవ్వండి. ఏ ఒక్క వారసుడు సంతకానికి రాకపోయినా సొమ్ము తిరిగి ఇవ్వాలన్న షరతు ఒప్పంద పత్రంలో ఉండాలి. ఈలోగా వేరొకరు కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి. మార్కాపురం సోదరిగారు చెప్పినట్టు అదే వీధిలో అద్దె ఇల్లు దొరుకుతుందేమో మీ అత్తగారి తరఫు వారి ద్వారా వాకబు చేయించండి, మాఘమాసంలో దిగితే వేసవి అంతా కళ్లారా చూసే వీలుంటుంది.