బడి వెనక గోడ ఎత్తు పెంచాలా, తగ్గించాలా?

నమస్కారమండీ. మాది కోనసీమలో సముద్రానికి దగ్గర ఊరు. వేసవి సెలవుల్లో మా పిల్లల హైస్కూల్లో ఎవరో కుళాయిలు విరగ్గొట్టి, ఫ్యాన్లు పట్టుకుపోయారు. అన్నీ వెనకవైపు, కొబ్బరితోటను ఆనుకుని ఆరడుగుల గోడ ఉన్నచోటే. రోడ్డువైపు గదుల్లో ఒక్క అద్దమూ పగల్లేదు.

కమిటీవాళ్లు గోడ ఇంకా లేపుదామంటున్నారు. నాకేమో ఆ గోడే దొంగకు చాటు అనిపిస్తోంది. పరిసరాల అమరికతో నేరాలు తగ్గించవచ్చని అమెరికా నేరశాస్త్రవేత్త రే జెఫ్రీ 1971లోనే రాశారు. గోడ మూడడుగులకు దించి, పైన ఇనుప జాలీ పెడితే లోపల ఏం జరిగినా దారినపోయేవాళ్లకు కనబడుతుంది కదా?

కానీ ఈ ఉప్పుగాలికి జాలీ తుప్పు పట్టదా? మీ ఊరి బడిలో ఇలా చేసి ఉంటే ఏ రకం వేశారు, ఎంతయింది, దయచేసి చెప్పండి. బడి తెరిచేలోపు తేల్చాలి, చాలా టెన్షన్‌గా ఉంది.