సమస్యాపూరణం: "తల్లి కంటెను ముందుగా పిల్ల పుట్టె"

పానగల్లు (నిర్వాహకుడు): ఈ వారం పాదం పైన ఉన్నది. రిడ్లీ స్కాట్ ‘ప్రొమీథియస్’ (2012) మీదనే పూరించాలె. 1979ల వచ్చిన ‘ఏలియన్’కు ముందుకథ అది. మెచ్చుకోండ్రి, తిట్టుండ్రి, గని పద్యంల సినిమా కనపడాలె. పోయినసారి సగం మంది దేవకీ యశోదల మీదికి దాటేసిన్రు.

మిర్యాలగూడ:
మునుపు వచ్చిన చిత్రంబు మూలమనగ
వెనుక తీసిన దానికే వేళ ముందు
కథల కాలపు లెక్కలో గాంచినపుడు
తల్లి కంటెను ముందుగా పిల్ల పుట్టె

దేవరకొండ: నడక సాఫుగున్నది. "వేళ ముందు" బాగ పడ్డది. కథ 2093ల, ‘ఏలియన్’ 2122ల, లెక్క సరే. గని ఏ ముందుకథకైనా అతికే పద్యమిది. సినిమా పేరు దాచిపెడితే ఇది దేని మీదనో ఎవరు చెప్తరు?

జడ్చర్ల: అట్లయితే పేరు దాచినా తెలిసేది చూడు.
పటము గీసిన మొనగాడు బాట తప్పె
పడగ విప్పిన పురుగును బుజ్జగించె
తెలివి పుట్టక ముందరే తెగువ పుట్టె
తల్లి కంటెను ముందుగా పిల్ల పుట్టె

కొల్లాపూర్: మూడో పాదం! తెలివి తల్లి, తెగువ పిల్ల. సమస్య అక్కడనే విడిపోయింది. శభాష్ అన్నా.

దేవరకొండ: శభాషే గని రెండో పాదంల యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమల కుదరాల్సిన అక్షరం, ఏది? "ప"కు "బు" ఎట్ల కుదిరింది? "పలుకరించె" అంటే పాయె కదా. నిజానికి వాడు చేసిందీ అదే, చెయ్యి చాపి ముద్దుగ పలకరిస్తడు. ఇంకో ముచ్చట. పద్యం చదివితే రెండు పనులూ ఒక్కడే చేసినట్టున్నది. ఎగిరే గోళాలు వదిలి సొరంగాల పటం తీసింది ఫైఫీల్డ్, రాళ్ల శాస్త్రజ్ఞుడు. పురుగును పిలిచింది మిల్‌బర్న్, జీవశాస్త్రజ్ఞుడు. ఒకడి తప్పు ఇంకొకడి మీద పెట్టినవ్.

జడ్చర్ల: "పలుకరించె" తీసుకుంటున్న. మిగతాది నేను ఒప్పుకోను, ఇద్దరూ ఒకే రాత్రి ఒకే గుహల పోయిన్రు.

మిర్యాలగూడ: కథల ఫైఫీల్డ్‌ది ఒక్కటే బొక్క కాదు. గోళాలు తీసిన పటం పోయేది ఓడకు. కెప్టెన్ జానెక్ ముందట వీళ్లిద్దరు ఎక్కడున్నరో కనపడుతనే ఉన్నది, రేడియోల మాట్లాడిండు గూడ. ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని చెప్తే అయిపోవు. చెప్పడు. పైంగ కంపెనీ తరఫున వచ్చిన వికర్స్‌తోని ముచ్చట పెట్టి, కుర్సీ ఇడిసిపెట్టి పోతడు. ఇద్దరూ సచ్చేటప్పటికి తెర ముందట ఎవ్వరు లేరు.

కొల్లాపూర్: నాది.
మగని కొఱకైన యంత్రాన మగువ పండి
పొట్ట చీల్చగ నందుండి పురుగు వెడలె
కుట్టు పిన్నుల తోడనే గోడ దుంకె
తల్లి కంటెను ముందుగా పిల్ల పుట్టె

జడ్చర్ల: "గోడ దుంకె" మన పాలమూరు మాట, కడుపు నిండింది. గని తమ్మీ, మూడు పాదాల సినిమా నాలుగో పాదాన్ని తాకనే లేదు. తల్లి ముందట్నే ఉన్నది, పిల్ల తర్వాత బయటికొచ్చింది. సమస్య అడిగింది తలకిందులు.

పానగల్లు (నిర్వాహకుడు): పూరణ కాలేదు, గని మొదటి పాదం మీద నాదొక మాట. చాలామంది దాన్ని బొక్క అంటరు. కడుపుల వింతజీవి పెరుగుతున్న కథానాయిక షా సిజేరియన్ అడిగితే ఆపరేషన్ యంత్రం ఒప్పుకోదు, మగోళ్లకే అమర్చిన అంటది. షా చేతితోని "పొట్టల అన్యవస్తువు" అని ఎంచుకుంటది, లేజర్ కోస్తది, కొక్కెం దిగి లాగుతది, పిన్నులు కొడతది. వికర్స్ గదిల మగోళ్ల యంత్రం ఎందుకున్నది? కంపెనీ యజమాని ముసలి వేలాండ్ ఓడల దాక్కొని ఉన్నడు, అది ఆయన కోసం. కథకుడు ముందే పెట్టిన ఆనవాలు అది. అసలు బొక్క మీ మూడో పాదంల ఉన్నది: పొట్ట కండరం తెగిన మనిషి ఆ తర్వాత అంతసేపు ఎట్ల ఉరికింది, ఎట్ల దుంకింది?

దేవరకొండ: ఇగ నాది చదువుండ్రి.
శిలగ మారెను పైలటు సీటులోనె
గుడ్లు నాటికె యున్నవి కోట్లకొలది
డేవిడనువాడు పుట్టించె జీవి పిదప
తల్లి కంటెను ముందుగా పిల్ల పుట్టె

‘ఏలియన్’ల, అంటే 2122ల, ఎల్వీ 426 అనే ఉపగ్రహం మీద కుర్సీల కూసున్న పైలట్ రాయిలెక్క అయిండు, సచ్చి ఎంతో కాలమైంది. వాని ఓడల గుడ్లు. ‘ప్రొమీథియస్’ తర్వాతి ‘కవనెంట్’ (2017) ఏమో 2104ల మరమనిషి డేవిడే ఆ గుడ్ల జీవిని తయారు చేసిండు అంటది. 18 ఏండ్లల ఎవడన్న శిల అయితడా?

మిర్యాలగూడ: "డేవి"కి "జీవి", రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి! ఈ చర్చలనే మొదటి అసలు పూరణ. కాకపోతే, ‘ప్రొమీథియస్’ల ఓడ దిగిన ఎల్వీ 223 మీద నల్లద్రవం కూజాలున్న గది గోడకు ఆ జీవి రూపం అప్పటికే చెక్కి ఉన్నది. డేవిడ్ కొత్తగ పుట్టించిండా, పాతదాన్నే తిరిగి తెచ్చిండా అన్న వాదన మిగిలింది.

జడ్చర్ల: గోడ సంగతి తర్వాత. "కోట్లకొలది" ఏంది? సినిమాల కోట్ల గుడ్లు ఎక్కడ కనపడ్డయి? యతి కోసం పెట్టిన కోట్లు అవి. "కుప్పలుగను" అంటే యతీ కుదురు, నిజమూ నిలుచు. అయినా దేవరకొండన్న లెక్కలు మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ పద్యంల "ఇరువదైదు గేట్లు" అన్నది ఈయనే. ఉన్నయి 26. "ఇరువదారు" అన్నా గణం అదే, యతి అదే. ఛందస్సు అడగకపోయినా ఒక గేటు మూసిండు.

దేవరకొండ: ఆ పద్యానికి నువ్వే "మనోహరం" అని రాసినవ్. పోయి చూసుకో.

జడ్చర్ల: పద్యం మనోహరమే, గేటే లేదు.

పానగల్లు (నిర్వాహకుడు): గేట్లు చాలు. ఓడ పోయిన దూరం సంగతి ఎవరూ ముట్టలేదు. తెర మీద భూమి నుంచి 3.27×10¹⁴ కిలోమీటర్లు అని పడ్డది, అంటే దాదాపు 35 కాంతి సంవత్సరాలు. వికర్స్ ఏమో జానెక్‌తోని, అదే కుర్సీ ఇడిసిన రాత్రి, 50 కోట్ల మైళ్లు అంటది. 50 కోట్ల మైళ్లంటే 80 కోట్ల కిలోమీటర్లు, గురుగ్రహం దగ్గర్నే ఓడ ఆగిపోతది. ఒక పాదం ఇస్తున్న:
గురువు గడపనె యాగిన గుట్టు తెలిసె
ముందటి రెండు పాదాలు ఎవరన్నా అందుకోండ్రి. సాగర్ గేట్లు లెక్కపెట్టినోళ్లు తప్ప.