అజరయ్య గారిది నిజమైన బిషప్ పదవేనా, చూపించడానికి పెట్టిందా?

గార్లవాడు:
నిన్న మా చర్చిలో బిషప్ అజరయ్య గారి గురించి ప్రసంగం. 1912లోనే తెల్లవాళ్లు మన భారతీయుణ్ణి బిషప్‌ని చేశారు, ఎంత పెద్ద మనసు అన్న ధోరణిలో సాగింది. లేచి మాట్లాడబోతే మా ఆవిడ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. అందుకే ఇక్కడ అడుగుతున్నా. కలకత్తాకు మొదటి ఆంగ్లికన్ (అంటే ఇంగ్లండ్ సంఘపు) బిషప్ మిడిల్టన్ వచ్చింది 1814లో. ఆ తర్వాత 98 ఏళ్లకు ఒక్క భారతీయుడు. పోనీ ఆయనకేమైనా మద్రాసు ఇచ్చారా, బొంబాయి ఇచ్చారా? నిజాం రాజ్యంలో రైలు జంక్షన్ తప్ప ఏమీ లేని డోర్నకల్ ఇచ్చారు. ఇంగ్లండ్‌లో ఫొటో చూపించి చందాలు వసూలు చేసుకోవడానికి తప్ప ఆ పదవి ఎందుకు? నా మాట తప్పయితే చెప్పండి.

జంక్షన్_టీ:
డోర్నకల్‌ని ఏమీ లేని ఊరంటే ఊరుకోం. టీ ఉంది.

టీచరమ్మ_బందరు:
తప్పే బాబూ. డోర్నకల్ ఆయనకు ఎవరో పడేసిన ముక్క కాదు, ఆయనే వెతుక్కుని వచ్చిన చోటు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాన్ని నిలబెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ సంఘం పని మొదలుపెట్టిన చోటే డోర్నకల్. 1909లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శి ఉద్యోగం వదులుకుని, తమిళం మాట్లాడే మనిషి తెలుగు నేర్చుకుని, మన పల్లెల్లో తిరగడానికి వచ్చాడు. బిషప్ అయింది మూడేళ్ల తర్వాత. ఊళ్లలో ఆయన్ని బిషప్ గారు అనేవాళ్లు కాదు, తండ్రిగారు అనేవాళ్లు. చూపించడానికి పెట్టిన బొమ్మని ఎవరూ తండ్రిగారు అని పిలవరు.

పాతరికార్డులు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అభిషేకం జరిగినప్పుడు ఆయనకు రెండు హోదాలు. డోర్నకల్ బిషప్ ఒకటి, మద్రాసు బిషప్‌కు సహాయ బిషప్, అంటే ఆయన కింద పనిచేసే బిషప్, రెండోది. ఈ 'సహాయ' అన్న మాట అర్థం కాకుండా చర్చ ముందుకెళ్లదు.

కలకత్తా, మద్రాసు, బొంబాయి బిషప్పులను ఇంగ్లండ్ రాజు పేరు మీద నియమించేవారు. 1813 చార్టర్ చట్టంలోనే బిషప్‌కు ఏడాదికి 5,000 పౌండ్లు, ఆయన కింది ముగ్గురు ఆర్చ్‌డీకన్లకు తలా 2,000 పౌండ్లు అని రాసుంది. అదీ ఇక్కడి రాబడి నుంచే. అంటే బిషప్ సగం దేవుడి మనిషి, సగం సర్కారు అధికారి. అలాంటి కుర్చీలో భారతీయుణ్ణి కూర్చోబెట్టాలంటే లండన్ దాకా చట్టం అడ్డం. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియా కాదు కాబట్టి ఆ చట్టాల చిక్కు అక్కడ లేదు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఆ సందు చూసి పని జరిపించాడు. డోర్నకల్ చిన్న ఊరు కావడం అవమానం కాదు, అదొక న్యాయపరమైన ఉపాయం.

గార్లవాడు:
ఉపాయమే అని నేనూ అంటున్నా! ముందు తలుపు తీయకుండా పెరటి గుమ్మంలోంచి రానిచ్చారని మీరే ఒప్పుకున్నారు. ఇంకో సంగతి. తెల్ల మిషనరీలు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఆయన కింద పెడితే వాళ్లు ఒప్పుకోరు. అందుకే వాళ్లు లేని చిన్న డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) చూసి ఇచ్చారు. భారతీయుడు భారతీయుల మీదే బిషప్, తెల్లవాడి మీద కాదు. ఇది అధికారం ఎలా అవుతుంది?

డాలస్_బాబాయ్:
మొదటి భారతీయ బిషప్ అనడమే తప్పు కదా. కేరళలో పరంబిల్ చాండీ 1663లోనే కాథలిక్ బిషప్.

పాతరికార్డులు:
ఇక్కడ మాట్లాడుతున్నది ఆంగ్లికన్ గురించి. శీర్షిక కింద ఉన్న మొదటి పోస్టు చదవగలరు.

డాలస్_బాబాయ్:
శీర్షికలో ఆంగ్లికన్ అని లేదు. నేనూ చదవగలను.

టీచరమ్మ_బందరు:
గార్ల బాబూ, 1912 దగ్గరే ఆగిపోకు. 1920ల మొదట్లో మా కృష్ణా ప్రాంతపు సి.ఎం.ఎస్. (ఇంగ్లండ్ మిషనరీ సొసైటీ) సంఘాలన్నీ డోర్నకల్ కిందకి వచ్చాయి. బందరులో ఫాక్స్, నోబుల్ దొరలు 1841 నుంచీ పాతుకున్న మిషన్ అది. కాలేజీలు, ఆస్పత్రులు, బోలెడుమంది తెల్లవాళ్లు. వాళ్లందరూ ఈ తిరునెల్వేలి మనిషి కిందే పని చేశారు. దానికేమంటావ్?

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో తెల్లవాళ్ల ముఖం మీదే ఆయన ఏమన్నాడో తెలుసు కదా. మీరు డబ్బిచ్చారు, శరీరాలు కాల్చుకునేంత త్యాగం చేశారు, మాకు కావలసింది ప్రేమ, మాకు స్నేహితులనివ్వండి అన్నాడు. ఆ మాటలకు సభలో చాలామందికి కోపం వచ్చింది. బొమ్మ కావాలనుకునేవాళ్లు అలాంటి నోరున్న మనిషిని ఎంచుకుంటారా?

నల్లమల_నీడ:
1947లో వేర్వేరు సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అయినప్పుడు అందులో కలవకుండా నిలబడ్డ మా నంద్యాల వైపు ఎస్.పి.జి. (ఇంకో ఇంగ్లండ్ మిషనరీ సొసైటీ) సంఘాల సంగతి ఎవరూ ఎత్తరేం? చాలా ఏళ్లు మాకు కలకత్తాతోనే సంబంధం. బిషప్ పదవి అంటే ఏమిటో మమ్మల్ని అడగండి.

గార్లవాడు:
సరే, 1912 దాటి వస్తా. 1945 జనవరి 1న ఆయన చనిపోయారు. ఈ 32 ఏళ్లలో ఇంకొక భారతీయుడి చేతికి ఒక్క ఆంగ్లికన్ డయోసిస్ అయినా వచ్చిందా? రాలేదు. 1930లలో లాహోర్‌లో, కలకత్తాలో ఇద్దరిని సహాయ బిషప్పులు చేశారు, అంతటితో సరి. పోనీ డోర్నకల్‌లో ఆయన తర్వాత ఎవరు వచ్చారు? ఎలియట్. తెల్లమనిషి. దేశం రెండున్నరేళ్లలో స్వతంత్రం కాబోతోంటే మళ్లీ తెల్లదొర! ఆఫ్రికాలో మొదటి నల్లజాతి ఆంగ్లికన్ బిషప్ క్రౌథర్‌కి జరిగిందీ అదే. 1864లో బిషప్‌ని చేశారు, 1891లో ఆయన పోగానే ఆ కుర్చీలో తెల్లవాడు. పదవి భారతీయులదైతే ఆయనతోనే ఎందుకు పోయింది?

జంక్షన్_టీ:
ఇది మాత్రం గట్టిగా తగిలింది.

పాతరికార్డులు:
ఎలియట్ 1935 నుంచీ అక్కడే సహాయ బిషప్. పదేళ్లుగా అన్నీ తెలిసిన మనిషి కిందనుంచి పైకి వచ్చాడు, అంతే. క్రౌథర్‌తో పోలిక సరికాదు. క్రౌథర్‌ని చివరి రోజుల్లో కుర్ర మిషనరీలు అవమానించి అధికారాలు లాగేసుకున్నారు. అజరయ్య గారిని ఎవరూ అలా చేయలేకపోయారు. 1930 మార్చి 1 దాకా ఇక్కడి సంఘం చట్టప్రకారం ఇంగ్లండ్ సంఘంలో భాగమే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. అప్పటిదాకా ఇక్కడి కుర్చీల సంగతి ఇక్కడివాళ్ల చేతుల్లో లేదు.

98 ఏళ్లు ఎందుకు పట్టిందంటే, మొదట్లో భారతీయుణ్ణి పాస్టర్‌ని చేయడానికే మిడిల్టన్ జంకాడు. తన నియామక పత్రంలో అలాంటి అధికారం స్పష్టంగా లేదన్నాడు. తర్వాత వచ్చిన హీబర్ 1825లో అబ్దుల్ మసీహ్ అనే భారతీయుడికి పాస్టర్‌గా అభిషేకం చేశాడు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియా కూడా కలకత్తా బిషప్ కిందే ఉండేదంటే ఆ పదవి ఎలాంటిదో ఊహించుకోండి. ఓడ ఎక్కితే నెలలకు గానీ చేరని దేశానికి కూడా ఆయనే బిషప్. మన పల్లెలు ఆయన లెక్కలో ఎక్కడుంటాయి?

గార్లవాడు:
మాస్టారూ, మీకు తేదీలు తెలుసు, నాకు మా ఇల్లు తెలుసు. మా తాత ఉపదేశి. ముప్ఫై ఏళ్లు. ఐదు ఊళ్లు మార్చారు. పొద్దున బడి, సాయంత్రం ప్రార్థన, మధ్యలో చావులు, పెళ్లిళ్లు, పాముకాట్లు, అప్పుల తగాదాలు అన్నీ ఆయనే. మా నానమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి చర్చి కుండలో వేసేది, ఇంట్లో ఆ పూట చాలకపోయినా సరే. తాతకు గురువుగా, అంటే పాస్టర్‌గా, అభిషేకం ఇవ్వలేదు, చదువు చాలదన్నారు. ఆయన పోయాక నానమ్మ పింఛను కోసం ఒక ఆఫీసుకి, పేరు చెప్పను, ఎనిమిదిసార్లు తిరిగింది. ఆ కాగితం తే, ఈ సంతకం తే. చివరికి ఏమీ రాలేదు. అదే ఆఫీసు గోడ మీద బిషప్పుల ఫొటోలు వరుసగా, దండలేసి. ఆ గోడ మీద ఒక్క ఉపదేశి ఫొటో లేదు. మీరంతా ఆ ఫొటోల్లో నల్లమొహం ఎప్పుడు వచ్చిందని లెక్కపెడుతున్నారు. నాకు దాంతో పనిలేదు.

టీచరమ్మ_బందరు:
అమ్మమ్మగారి సంగతి విని బాధపడ్డాను. కానీ అది ఆఫీసు తప్పు, బిషప్ పదవి తప్పు కాదు. ఆ పదవే లేకపోతే మీ తాతగారికి ఆ ఉద్యోగం కూడా ఉండేది కాదు. కోపంలో అన్నీ కలిపేస్తున్నావు.

గార్లవాడు:
అమ్మమ్మ కాదు, నానమ్మ. మీరు బందరు వాళ్లు, దొరల కాలేజీల్లో చదువుకున్న కుటుంబాలు. బిషప్పులు మీ ఇళ్లలో కాఫీ తాగి వెళ్లారు. మాకు మాత్రం రైలు కిటికీలోంచి కనపడ్డారు. మీకు ఆ పదవి గొప్పగానే ఉంటుంది. మీరు మాకు చరిత్ర చెప్పొద్దు.

డాలస్_బాబాయ్:
అయ్యో, చర్చ దారి తప్పింది.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. ఎదుటివాళ్ల ఊరు, కులం, కుటుంబం గురించి ఊహించి రాయడం ఇక్కడ కుదరదు. తమ గురించి తామే చెప్పుకుంటే అభ్యంతరం లేదు.

టీచరమ్మ_బందరు:
అయితే నా గురించి నేనే చెప్తా. మా అమ్మమ్మది బందరు కాదు, దివి తాలూకాలో ఒక మాదిగపేట. మా ఇంట్లో దొర కాఫీ తాగలేదు బాబూ, మా ఇంట్లో కాఫీయే లేదు. ఆ ఊళ్లో చర్చి మాలపేటలో ఉండేది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు ఒకే గిన్నెలోంచి మాతో తాగడానికి వాళ్లు ఒప్పుకోలేదు. అందుకని మాకు వేరే రోజు, వేరే చోట. ఉపదేశి గారు మాలపేట మనిషి. మా పేటకు వచ్చి పాఠం చెప్పేవారు, నిలబడే చెప్పేవారు.

ఒకసారి తండ్రిగారు వచ్చారట. మా పేటలో నులక మంచం మీద కూర్చుని, మా వాళ్లు పెట్టిన అన్నం తిన్నారట. మా అమ్మమ్మ చనిపోయేదాకా చెప్పిన కథ ఇదొక్కటే. ఆయన మాలా కాదు, మాదిగా కాదు, ఎక్కడో తిరునెల్వేలి నాడారు. తెల్లవాడూ కాదు, కాబట్టి దొరవారి దయ అని చెప్పుకోవడానికి లేదు. బయటివాడు కావడమే మాకు మేలయింది. నువ్వు మొదటినుంచీ తెల్లవాడా, మనవాడా అని అడుగుతున్నావు. ఆ 'మన'లో మేమెప్పుడు ఉన్నాం?

అడుగుతున్నా అని ఏమనుకోకు. మీ తాతగారు ఆ ఐదు ఊళ్లలో మాదిగపేటలకు వెళ్లి భోంచేశారా?

జంక్షన్_టీ:
...

గార్లవాడు:
మీ గురించి తప్పుగా ఊహించాను, క్షమించండి. మీ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. కానీ నా మాట కూడా వినండి. బయటివాడే మేలు అంటే ఎన్నేళ్లు బయటివాళ్లే రావాలి? మొదట తెల్లదొర, తర్వాత తమిళనాడు, మళ్లీ తెల్లదొర. తెలుగు పల్లెలో పుట్టినవాడు ఆ కుర్చీకి పనికిరాడనే కదా. ఇప్పుడు తెలుగువాళ్లే బిషప్పులు. ఎన్నిక వచ్చిందంటే ఏ పేట ఓట్లు ఎవరికి అని లెక్కలు. అందుకని మళ్లీ తిరునెల్వేలి నుంచి తెచ్చుకుందామా?

టీచరమ్మ_బందరు:
తెచ్చుకుందామని అనలేదు. ఆయన వచ్చినప్పుడు మాకేం జరిగిందో చెప్పాను. నీకు ఆ కుర్చీ ఎవరిదనేది ముఖ్యం, నాకు ఆ కుర్చీ మా పేట దాకా వచ్చిందా లేదా అనేది ముఖ్యం. ఇద్దరం రెండు వేరే సంగతులు మాట్లాడుతూ మూడు రోజులు కొట్టుకున్నాం.

పాతరికార్డులు:
ఈ సందర్భంలో డోర్నకల్ కెథడ్రల్ చూడాలి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ. స్తంభాల మీద తామర మొగ్గలు, పైన మసీదులను గుర్తుచేసే గుమ్మటాలు. తనది అనుకున్నవాడే అలా కట్టించగలడు. సహాయ బిషప్పులు అలాంటివి కట్టించరు.

డాలస్_బాబాయ్:
మొన్న మీరే కదండీ సహాయ బిషప్ అన్నారు?

పాతరికార్డులు:
1912లో. నేను సంవత్సరం రాశాను.

గార్లవాడు:
టీచరమ్మ గారూ, రాత్రి మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆవిడకు ఎనభై దాటాయి, తాతతో ఆ ఊళ్లన్నీ తిరిగింది. మీ ప్రశ్న అలాగే అడిగాను. తాత మాదిగపేటకు రోజూ వెళ్లేవాడట, జ్వరమొస్తే రాత్రంతా వాళ్ల పిల్లల దగ్గర కూర్చునేవాడట. మంచినీళ్లు మాత్రం ఇంటి నుంచి చెంబులో పట్టుకెళ్లేవాడట. ఆ చెంబు ఇంకా మా ఇంట్లో ఉంది. కొన్నాళ్లు నేను ఇక్కడ రాయను.