కొంగలకి బారు, గొర్రెలకి మంద: తేడా ఎక్కడుందండీ?

ఆకివీడు నుంచి ప్రశ్న:
దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మా చేలల్లోకి బాతుల్ని తోలారు. గట్టు మీద ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటే మా పెద్దమ్మ “బారు చూడవే, ఎంత ముచ్చటగా ఉందో” అంది. అవే చేలోకి దిగి రాలిన గింజలకీ నత్తలకీ ఎగబడగానే “మంద దిగింది, ఇంకేం మిగుల్తుంది” అంది. కుక్క అరిచేసరికి బెదిరి అన్నీ ఒక్కచోటికి చేరాయి. అప్పుడేమో “గుంపు కట్టాయి”. బాతులు అవే, మాటలు మూడు. పాఠ్యపుస్తకాల్లో అన్నిటికీ ‘సమూహం’ అని రాసేసి చేతులు దులుపుకుంటారు. మాట జంతువును బట్టి కాక, అది ఉన్న తీరును బట్టి మారుతున్నట్టుంది. పెద్దలేమంటారు?

తణుకు నుంచి, తెలుగు మాస్టారు:
బారంటే వరసేనమ్మా. బారులు తీరడం అందులోదే. బారెడులోని ‘బార’ వేరు, అది రెండు చేతులూ చాపిన కొలత. ఇక మందలో మనిషి జాడ ఉంది. ఎరువు కోసం రాత్రిపూట గొర్రెల్ని చేలో నిలిపితే ‘మంద కట్టించాం’ అంటారు కదా. కాపరి ఉంటేనే మంద.

అమలాపురం నుంచి:
మరి జింకల మందకి కాపరి ఎవరండీ మాస్టారూ?

తెలుగు మాస్టారు:
కాపరి లేకపోయినా మేత ఉంది కదండీ! నేల మీద మేసేదాన్ని మంద అంటాం గానీ ఆకాశంలో పోయేదాన్ని అనగా విన్నారా? మిడతలు ఎగిరొస్తే అది దండు.

కైకలూరు నుంచి, జంతుశాస్త్రం చెప్పేవారు:
బారు గురించి మా శాస్త్రం వైపు నుంచి నాలుగు ముక్కలు. ఆటపాకలో సాయంత్రం గూడబాతులు (పెలికాన్లు) తిరిగొచ్చేటప్పుడు చూడండి. ముందుది రెక్కాడించడం ఆపి గాలిలో జారుతుంది, వెనకది ఆపుతుంది, దాని వెనకది. ఆ జారుడు బారు పొడుగునా పాకుతూ పోతుంది. ఎగిరే పక్షి రెక్క కొసల దగ్గర గాలి సుడి తిరుగుతుంది. రెక్క వెనక గాలి కిందికి దిగితే, కొసకి కాస్త అవతల పైకి లేస్తుంది. వెనకొచ్చే పక్షి ఆ లేచే గాలిని అందుకుంటుంది. అందుకే అవి సరిగ్గా వెనక కాకుండా ఓ పక్కకి జరిగి ఎగురుతాయి.

సెనెగల్‌లో తెల్ల గూడబాతులకి మోటారు పడవ, చిన్న విమానం వెంట ఎగరడం నేర్పి, గుండె వేగం కొలిచారు. ఒంటరిగా ఎగిరినప్పటికంటే బారులో 11 నుంచి 14 శాతం దాకా తక్కువ కొట్టుకుంది. 2001లో ‘నేచర్’ పత్రికలో వచ్చిందది. 2014లో ఇంకో పరిశోధన, ఈసారి ఐరోపాలో బట్టతల ఐబిస్‌ అనే పక్షుల మీద. మన తెల్ల కంకణాలకి అవి చుట్టాలే. పిల్లలప్పటి నుంచి మనుషులే పెంచి, చిన్న విమానంలో ముందు పోతూ ఆస్ట్రియా నుంచి ఇటలీకి దారి చూపించారు. వీపున కట్టిన పరికరాలు చెప్పిందేమంటే, వెనకది రెక్క వేసే అదను కూడా ముందుదాని రెక్కనిబట్టి సరిచూసుకుంటోంది. అంటే మన బాతులోళ్ళ పనే. కర్ర బదులు విమానం, అంతే తేడా.

ఒక్క చిన్న ఫిర్యాదు. మనం కొంగల బారు అనేవాటిలో కొన్ని కొంగలు కావు, నీటికాకులు. నీటికాకి మెడ చాచి ఎగురుతుంది. కొంగ మెడ మడుచుకుంటుంది.

భీమవరం నుంచి:
చీమలదీ బారే కదండీ. వాటికి గాలితో పనేముంది?

జంతుశాస్త్రం చెప్పేవారు:
లేదండి, అది వాసన బారు. మేత దొరికిన చీమ గూటికి తిరిగొస్తూ దారి పొడుగునా మందు పూసినట్టు వాసన పూస్తుంది. వెనకొచ్చేవి దాన్ని పట్టుకుని నడుస్తూ మళ్ళీ పూస్తాయి. మధ్యలో వేలితో తుడిచి చూడండి, కాసేపు దిక్కు తోచక తిరుగుతాయి. మాట ఒకటే, కారణాలు రెండు. చూపుకి వరస కనబడితే తెలుగువాడికి చాలు!

అమలాపురం నుంచి:
ఇంతకీ వలస పక్షులకి దారి పుట్టుకతో వస్తుందా, పెద్దవి నేర్పుతాయా?

జంతుశాస్త్రం చెప్పేవారు:
పక్షిని బట్టి ఉంటుందండి. ఐరోపాలో బ్లాక్‌క్యాప్ అనే చిన్న పిట్ట రాత్రిళ్ళు ఒంటరిగా వలస పోతుంది. శీతాకాలం ముందు నైరుతికి పోయే జర్మనీ పిట్టల్నీ, ఆగ్నేయానికి పోయే ఆస్ట్రియా పిట్టల్నీ జత కలిపితే, పిల్లలు రెంటికీ నడిమి దిక్కు పట్టాయి. దిక్కు జన్యువుల్లోనే ఉందన్నమాట. గుంపుగా వలస పోయే పెద్ద పక్షుల్లో అంతా అలా కాదు. వాటిలో చాలావరకు పెద్దవాటి వెంట తిరిగి దారి నేర్చుకుంటాయి. ఐబిస్‌లకి విమానం అవసరమైంది అందుకే.

ఆకివీడు నుంచి:
ఇది చదివి వినిపిస్తే మా పెద్దమ్మకి ఓ సందేహం. బారులో ముందు ఎగిరేదానికి ఎవరి గాలీ దొరకదు కదా, దానికి లాభమేంటి అంటోంది.

జంతుశాస్త్రం చెప్పేవారు:
పెద్దమ్మగారు అసలైన చోట పట్టుకున్నారు. ఆ ఐబిస్‌లనే ఇంకా పరిశీలిస్తే, జతజతగా వంతులు మార్చుకుంటూ ఎగురుతున్నాయని 2015లో తేలింది. ఒకటి ఎంతసేపు వెనకుందో ఇంచుమించు అంతసేపు ముందుంటోంది.

తెలుగు మాస్టారు:
నాట్లప్పుడు మన ఆడవాళ్ళు చేసే బదులు పని లాంటిదన్నమాట. అయితే ‘గొర్రెదాటు’ మాట మాత్రం బారుకి అంటగట్టకండి, అది మందదే.